కోరమండల్‌లో ఒక గ్రామఫోను రికార్డు

మొన్న మార్గశిర మాసంలో నేను కోరమండల్ వెళ్ళివచ్చాను. కోరమండల్ అనగానే మన చదువరులలో చాలామందికి సముద్రపు టొడ్డు జ్ఞాపకం వస్తుంది. చోళమండలం అనే మాట విదేశీయుల నోట నలిగి కోరమండల్ అయిందని చెబుతారు. నేను వెళ్ళినచోట సముద్రం మాట అటుంచి, కనుచూపు మేరలో నిండు చెరువైనా లేదు. ఇది కోలారు బంగారు గనులలోని కోరమండల్. వెనుకటికి గని తవ్విన కంపెనీవారు పెట్టిన పేరు వూరికి నిలిచిపోయింది. ఉరిగాం, చాంపియన్ రీఫ్, మారికుప్పం, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట - వీటి మధ్య ఇదీ ఒక పేట. 2018లోనూ 2022లోనూ వచ్చిన రెండు సినిమాల పుణ్యమా అని కె.జి.యఫ్. అనే మూడక్షరాలు ఇప్పుడు పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ సినిమాలలో ఉన్న కోటలూ కత్తులూ అక్కడ ఏవీ లేవని మాత్రం ముందే మనవి చేస్తున్నాను.

నేను పోయింది ఊరు చూడటానికి కాదు. మా మేనమామ అక్కడ ఉన్నాడు. వయస్సు ఎనభై దాటి చాలా కాలమయింది. మా అత్తా ఆయనా ఇద్దరే ఆ పాత కంపెనీ ఇంట్లో ఉంటున్నారు. వాళ్ళ అమ్మాయి బెంగుళూరులో కాపురం. "బావా, నువ్వు చెబితే వింటాడు. నాన్నను ఎట్లాగైనా ఒప్పించి తీసుకురా. మూడో అంతస్తులో గది ఖాళీగా పెట్టి కూచున్నాను," అని నన్ను పంపింది. నేను ఒప్పించడంలో ఘనుణ్ణని మా బంధువులకు ఒక భ్రమ ఉంది.

బెంగుళూరులో మారికుప్పం బండి ఎక్కాను. వైటుఫీల్డు, మాలూరు, ట్యాకల్ దాటి బంగారపేట చేరేటప్పటికి పెట్టెలో సగం మంది తెలుగు, సగం మంది తమిళం మాట్లాడుతున్నారు. కన్నడం అందరికీ ఉమ్మడి. బంగారపేటను మా చిన్నతనంలో పెద్దవాళ్ళు బౌరింగుపేట అనేవారు. అక్కడనుంచి గనులకు రైలు శాఖ 1894లో పడింది. బంగారం కోసం పడ్డ ఆ పట్టాల మీదుగానే ఈనాడు తెల్లవారుజామున వేలమంది బెంగుళూరుకు ఉద్యోగాలకు పోయి, రాత్రికి తిరిగి వస్తున్నారు. మునుపు వూరు మనుషుల్ని లోపలికి పిలుచుకునేది. ఇప్పుడు బయటికి పంపుతున్నది.

కోరమండల్ స్టేషనులో దిగగానే మొదట కనిపించేవి ఆ దిబ్బలు. రాతిని పొడి చేసి, సైనైడు కలిపి, బంగారం పిండుకొన్నాక మిగిలిన బూడిదరంగు మన్ను నూరేళ్ళకు పైగా పోగుపడి గుట్టలయింది. గాలి వీస్తే ఆ పొడి ఇళ్ళలోకి వస్తుంది. మా అత్త రోజుకు మూడుసార్లు ఇల్లు తుడుస్తుంది. "బంగారమంతా వాళ్ళు ఎత్తుకుపోయినారు, దుమ్ము మాకు ఇచ్చిపోయినారు," అని ఆమె చీపురు పట్టుకున్నప్పుడల్లా అనే మాట.

గనుల కథ క్లుప్తంగా చెబుతాను. జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ 1880లో ఇక్కడ అడుగుపెట్టింది. 1902లో శివనసముద్రం జలపాతంనుంచి సుమారు తొంభైరెండు మైళ్ళు తీగలు లాగి ఈ గనులకు కరెంటు తెచ్చారు. బెంగుళూరు నగరానికి దీపాలు రావడానికి ముందే గనిలో దీపాలు వెలిగాయి. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకున్నది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మొత్తం మీద సుమారు ఎనిమిది వందల టన్నుల బంగారం పైకి వచ్చింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. ఆ లోతున రాయి తాకితే చెయ్యి కాలుతుంది. 1965లో ఆ గనిలోనే శాస్త్రజ్ఞులు ఆకాశంనుంచి వచ్చే న్యూట్రినోలు అనే సూక్ష్మకణాల జాడ పట్టారు. అంత సులభంగా చిక్కని కణం కోలారు రాతి చాటున చిక్కింది. ఇప్పుడు ఆ సొరంగాలనిండా నీళ్ళు.

మా తాత పలమనేరు పక్క పల్లెనుంచి కరువుకాలంలో నడిచి వచ్చి గనిలో చేరాడు. కూలీగా చేరి, కొయ్యదూలాలు నిలబెట్టే పనిలో మేస్త్రీ అయ్యాడు. ఆయన పనిలో ముఖ్యమైన భాగం ఏమిటో చాలామందికి తెలియదు. కొత్తగా పేల్చినచోటికి పోగానే ఇనుప గడ్డపారతో పైకప్పు రాతిని తట్టి చూడాలి. గట్టిరాయి అయితే గణగణమని గంటలాగా పలుకుతుంది. లోపల విడిపోయిన రాయి అయితే డొల్లుమని డోలులాగా పలుకుతుంది. ఇంగ్లీషు దొరలు కూడా అటువంటి రాతికి డోలు పేరే పెట్టారు. ఆ పలుకును పోల్చుకోలేనివాడు సాయంత్రానికి ఇంటికి రాడు. మా తాత ముప్ఫై ఏళ్ళు చెవిమీద బ్రతికాడన్నమాట. ఆయన పక్కన ఇరవై ఏళ్ళు పనిచేసిన జతగాడు ఒకాయన ఉండేవాడు. ఊళ్ళో పండుగలకు, చావులకు తమటె వాయించే ఇంటివాడు. "వాడి చెవి నా చెవికన్నా మేలు," అని మా తాత ఒప్పుకొనేవాడు. ఒప్పుకోవడం గనిలోపల. పైకి వచ్చాక ఆయన మా గుమ్మం బయటే నిలబడేవాడు. ఆ సంగతి రాయడానికి నాకిప్పుడు సిగ్గుగా ఉంది. కాని ఆ కాలం అట్లా ఉండేదని కప్పిపుచ్చితే సిగ్గు పోదుగదా.

మా మామ 1958లో, ఇరవయ్యో ఏట, గనిలో చేరాడు. ఆయన పని నేలమీదే. మనుషులను, ఖనిజాన్ని దించే తొట్టికి తాడు చుట్టే పెద్ద యంత్రం దగ్గర. లోపలివాళ్ళు గంట కొట్టి సంజ్ఞ చేస్తారు. ఇన్ని గంటలయితే ఆపు, ఇన్నయితే లాగు, ఇన్నయితే మనుషులున్నారు మెల్లగా లాగు అని లెక్క. లెక్క తప్పితే ప్రాణాలు తప్పుతాయి. అట్లా తండ్రి రాతిపలుకు విని బ్రతికితే, కొడుకు గంటలెక్క విని పదిమందిని బ్రతికించాడు.

ఇంతవరకు సవ్యంగానే ఉన్నది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మా మామకు డ్రమ్ములమీద మనసు పోయింది. ఆ రోజుల్లో గనుల్లో తెల్లవాళ్ళకు, ఆంగ్లో ఇండియనులకు క్లబ్బులుండేవి. శనివారం రాత్రి నాట్యాలు, బ్యాండు. మావాడు తలుపు బయట నిలబడి వినేవాడు. తరువాత కిటికీ దగ్గరికి, తరువాత వాద్యాలు మోసే పనికి, ఒకనాడు డ్రమ్ములవాడికి జ్వరం వస్తే ఆ ముక్కాలిపీట మీదికి చేరాడు. అంతకుముందే ఆయన చెవికి జాజ్ సంగీతం పరిచయం. 1955 మొదలు వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోలో విలిస్ కోనోవర్ అనే ఆయన రాత్రిళ్ళు జాజ్ వినిపించేవాడు. నిదానంగా, స్పష్టంగా మాట్లాడటంవల్ల ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినవాళ్ళకు కూడా అర్థమయ్యేది. రాత్రి పాళీ దిగి వచ్చి, పక్కింటి రేడియో గోడకు చెవి ఆనించి మామ వినేవాడట.

సంగతి మా తాతకు తెలిసింది. ఇంట్లో పెద్ద రభస. "మన ఇండ్లల్లో ఎవుర్రా చర్మం కొట్టింది? కొట్టేవాళ్ళు లేరా వూళ్ళో?" అని ఆయన కేక. మామ తక్కువవాడా? "నువ్వు దినామూ రాయి కొట్టేది లేదా నాయనా? నీ జతగాడు కొట్టేది లేదా?" అన్నాడు. అంతే. తండ్రీకొడుకులు ఏడాది పైగా మాట్లాడుకోలేదు. మా అమ్మ ఇద్దరికీ మధ్య తంతి ఆఫీసులాగా పనిచేసింది.

ఇప్పుడు రికార్డు సంగతి. ఆ బ్యాండులో కొమ్ము వాయించే ఆంగ్లో ఇండియను ఒకాయన, అరవయ్యో దశకంలో చాలామంది తనవాళ్ళలాగే ఆస్ట్రేలియాకు ప్రయాణమయ్యాడు. సామాను అమ్మివేశాడు. అమ్మకుండా మా మామ చేతిలో పెట్టిపోయినవి రెండే. ఒక చిన్న డ్రమ్ము, ఒక పెద్ద రికార్డు. ఆ రికార్డు అట్టమీద ఒక నల్లజాతి మనిషి ముఖం. ఆర్ట్ బ్లేకీ అని ఆయన పేరు. ఆయన బృందం పేరు జాజ్ మెసెంజర్స్, అంటే జాజ్ దూతలు. పాటకచేరీల్లో మృదంగంవారు పక్కన కూర్చోవడం మనకు అలవాటు. ముందు గాయకుడు, పక్కన వయొలిను, ఇటు మృదంగం. పత్రికలో పేరు కూడా మూడోది. ఇక్కడ డ్రమ్ములవాడే నాయకుడు, బ్యాండు ఆయనది, అట్టమీద ముఖం ఆయనది. మా మామకు ఆ అట్ట చూసినప్పుడే సగం ప్రాణం లేచి వచ్చిందట.

ఈ బ్లేకీ 1919లో అమెరికాలోని పిట్స్‌బర్గులో పుట్టాడు. అది బొగ్గుకూ ఉక్కుకూ పేరుపడ్డ వూరు. పగలే పొగతో చీకటి కమ్మేదని చెప్పుకొనేవారు. తల్లి పసితనంలోనే పోయింది. మొదట పియానో వాయించేవాడట. తనకన్నా చేయి తిరిగిన ఎర్రోల్ గార్నర్ అనే కుర్రవాడు వచ్చేటప్పటికి, హోటలు యజమాని ఈయన్ను డ్రమ్ముల మీదికి పంపాడని ఒక కథ ఉంది. కథ ఎంతవరకు నిజమో గాని, ఆ కూర్చున్నవాడు 1990లో కన్నుమూసేవరకు లేవలేదు. గనివూరి మా మామకు ఆ బొగ్గువూరి మనిషి చుట్టంలాగా తోచాడంటే ఆశ్చర్యం లేదు.

రికార్డు చేసింది 1958 అక్టోబరు 30వ తేదీ. మా మామ గనిలో చేరిన సంవత్సరమే. చేసిన చోటు న్యూజెర్సీలోని హాకెన్‌సాక్. రికార్డు చేసినది రూడీ వాన్ గెల్డర్. ఆయన పగలంతా కళ్ళద్దాలకు చూపు పరీక్ష చేసేవాడు. సాయంత్రం తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో సంగీతం పట్టేవాడు. బ్లూ నోట్ అనే చిన్న కంపెనీ దాన్ని 1959లో విడుదల చేసింది. బాకా లీ మోర్గన్, అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. శాక్సోఫోను బెన్నీ గోల్సన్. పియానో బాబీ టిమ్మన్స్. పెద్ద తంత్రి జిమీ మెరిట్. ఈ నలుగురూ ఫిలడెల్ఫియావాళ్ళే. టిమ్మన్స్ పాస్టరయిన తాత ఇంట పెరిగి, చర్చిలో వాద్యం వాయించిన పిల్లవాడు. మొదటి పాట ఆయనదే. పేరు మోనిన్. మన భాషలో మూలుగు అనుకోవచ్చు. ఆ పాట పేరే రికార్డుకు స్థిరపడిపోయింది. నల్లవారి చర్చిపాటల పోకడను జాజ్‌లోకి తెచ్చిన ఈ తరహాకు తరువాత సోల్ జాజ్ అని పేరు వచ్చింది. సోల్ అంటే ఆత్మ అని నిఘంటువు చెబుతుంది. ఇక్కడ ప్రాణం అంటేనే సరిగ్గా అతుకుతుంది.

సాయంత్రం అత్త రాగిముద్ద, పితికిన పప్పు పులుసు పెట్టింది. చలికాలంలో అనపకాయలు వలిచి, నానబెట్టి, ఒక్కొక్క గింజ తొక్క పితికి చేసే ఆ పులుసు కోసమైనా మనవాళ్ళు డిసెంబరులో కోలారు పక్కకు పోవాలి. భోజనమయ్యాక మామ ఆ రికార్డు తీశాడు. పాత గుడ్డతో తుడిచి, పెట్టెమీద పెట్టి, ముల్లు దించాడు. ఆయనకు కుడిచెవి వినపడదు. యంత్రాల రొద కొంత, డ్రమ్ములు కొంత తిన్నాయి. అందుకని ఎడమచెవి పెట్టెవైపు తిప్పి, అరచెయ్యి పెట్టె చెక్కమీద ఆనించి కూర్చున్నాడు.

పియానో ఒక మాట అడుగుతుంది. బాకా, శాక్సోఫోను రెండూ కలిసి రెండు దెబ్బల్లో జవాబు చెబుతాయి. మళ్ళీ పియానో, మళ్ళీ జవాబు. "ఇది ఏందో చెప్పు చూద్దాం, అల్లుడా," అన్నాడు మామ. చర్చిలో పాస్టరు ఒక వాక్యం అంటే జనం ఆమెన్ అంటారే, అదని చెప్పాను. "అది వాళ్ళది. మనది చెప్పు," అన్నాడు. నేను తెల్లమొహం వేశాను. ఆయనే చెప్పాడు. బుర్రకథ! నడుమ కథకుడు తంబుర మీటుతూ ఒక చరణం పాడితే, ఇరుపక్కల డక్కీలవాళ్ళు తందాన తాన అని వంత అందుకొంటారు. వంత లేకపోతే కథకుడు అర్ధగంటకే అలిసిపోతాడు. చిన్నప్పుడు ఆండర్సన్‌పేటలో చిత్తూరునుంచి వచ్చిన దళం కథ చెబుతుంటే తెల్లవారేవరకు తాను కదలలేదనీ, అక్కడ అబ్బిన విద్యే ఇక్కడ అక్కరకు వచ్చిందనీ అన్నాడు.

"బాకావాడు వాయిస్తుంటే డ్రమ్ములవాడు ఏం చేస్తాండాడో విను," అన్నాడు మళ్ళీ. విన్నాను. రెండో దెబ్బకు, నాలుగో దెబ్బకు కాలితో రెండు తాళాలను టక్కుమని మూయడం, పాట ఎటు పోయినా ఆ మూత తప్పకపోవడం. బాకా తడబడేటట్టు తోచినచోట పుల్లలతో బరబరమని ఒక ఉరుము పుట్టించి పైకి తోయడం. బాకా నిలదొక్కుకోగానే తాను వెనక్కి తగ్గడం. "తొట్టి లాగినట్లే అల్లుడా. లోపల మనిషి ఉండాడని తెలిస్తే ఒక తీరు, రాయి ఉందని తెలిస్తే ఒక తీరు. నాయకుడంటే ముందర నడిచేవాడు కాదు. వెనక కూచోని తాడు పట్టుకున్నోడు." నలభై ఏళ్ళ ఉద్యోగం ఆ ఒక్క మాటలో పలికింది.

రెండో ముఖాన గోల్సన్ కూర్చిన డ్రమ్ముల ఉరుముపాట ఉంది. అందులో బ్లేకీ పుల్లలకు బదులు మెత్తని తలలున్న కోలలు వాడాడు. తరువాత బ్లూస్ మార్చ్ అనే కవాతు. పటాలం నడకలో మొదలై, మెల్లగా పెండ్లి ఊరేగింపు నడకలోకి జారుతుంది. రెండు ముఖాలూ కలిసి నలభై నిమిషాలు. ముల్లు లేచాక కూడా మామ చెయ్యి పెట్టెమీదనే ఉన్నది.

అప్పుడు మా తాత కడపటి రోజుల సంగతి చెప్పాడు. ఆ మాట నేను అంతకుముందు విననిది. తాతకు రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరింది. గనిపని చేసినవాళ్ళను నెమ్మదిగా తినే జబ్బు. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నిద్రలేదు. ఒక రాత్రి మామ అవతలి గదిలో, చప్పుడు బయటికి పోకుండా దుప్పటి కప్పిన డ్రమ్ముమీద ఆ కవాతు నడక అభ్యాసం చేసుకుంటున్నాడు. గోడ అవతలనుంచి పిలుపు వచ్చింది. ఏడాది తరువాత తండ్రి నోట తన పేరు. తిట్టడానికే అనుకొని పోయాడు. "దుప్పటి తీసి కొట్టు," అన్నాడట తాత. కొట్టాడు. తాత కళ్ళు మూసుకొని, గనిలో పైకప్పు తట్టినప్పుడు తల వంచేవాడట, అట్లా తల వంచి విన్నాడు. చాలాసేపటికి, "బోలు లేదురా. గట్టిరాయే," అన్నాడు.

అంతకుమించి మెచ్చుకోలేదు. అది చాలునన్నాడు మామ. ఆ తరువాత తాత బ్రతికిన రెండు నెలలూ, పాళీ లేని రాత్రులు మామ వాయించేవాడు, తాత గోడకు ఆనుకొని కొంచెం కునుకు తీసేవాడు. పోయిననాడు పాడె ముందు తమటె వాయించినవాడు గనిలోని ఆ జతగాడే. ఆనాడు మొదటిసారి మా అవ్వ ఆయన్ను గుమ్మం లోపలికి పిలిచి కూర్చోబెట్టిందట. మనిషి పోతేగాని ఆ గడప దాటనీయలేకపోయామే అని మామ ఇప్పటికీ బాధపడతాడు.

ఈ మాటలు నడుస్తుండగా గుమ్మంలో పన్నెండేళ్ళ పిల్లవాడొకడు వచ్చి నిలబడ్డాడు. నిలబడటం కాదు, చెప్పులు విడిచి సరాసరి లోపలికే వచ్చాడు. అత్త వాడికి గిన్నెలో ముద్ద పెట్టింది. వాడు ఎవరనుకున్నారు? తాత జతగాడి మునిమనుమడు. వాళ్ళ నాన్న బెంగుళూరు బండిలో పోయి వచ్చేవాడే. పిల్లవాడు బడినుంచి వచ్చాక రోజూ ఇక్కడికి వస్తాడు. మామ వాడికి ఆ పాత డ్రమ్ముమీద చేతులు కుదురుస్తున్నాడు. వాడు మామకు తమటె దరువులు చెబుతున్నాడు. ఇద్దరిలో గురువెవరో నాకు తెలియలేదు. ఒకప్పటి కోలారు జిల్లాలోనే భాగమై, 2007లో విడివడ్డ చిక్కబళ్ళాపురం జిల్లాలో పిండిపాపనహళ్ళి అనే వూరుంది. ఆ వూరి తమటె కళాకారుడు మునివెంకటప్పగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ పత్రిక ముక్క మామ గోడకు అంటించి ఉంచాడు. "మా నాయన ఉంటే ఇది చూపించి ఉందును," అన్నాడు.

దాని పక్కనే ఇంకొక అట్ట. బెంగుళూరులో మృదంగ విద్వాంసుడు టి.ఎ.యస్. మణిగారు నడిపిన కర్నాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్‌వారు, చార్లీ మరియానో అనే అమెరికను శాక్సోఫోను విద్వాంసుడితో కలిసి చేసిన జ్యోతి అనే రికార్డు. 1983లో జర్మనీ కంపెనీ ఇ.సి.యం. విడుదల చేసింది. రమామణిగారి గొంతు, మృదంగం, ఘటం, కంజిర, వాటి మధ్య శాక్సోఫోను. ఆ మరియానో మన నాగస్వరం కూడా నేర్చుకున్న మనిషి. అంటే మామ గోడకు చెవి పెట్టి విన్నది పిచ్చి కాదన్నమాట. దూరంనుంచి వచ్చినవాళ్ళు కూడా మన గోడకు చెవి పెట్టారు.

మరునాడు ఉదయం నేను వచ్చిన పని కదిపాను. బెంగుళూరులో ఆసుపత్రులు దగ్గర, అమ్మాయి దగ్గర, దుమ్ము లేదు, మెట్లెక్కనక్కరలేదు, లిఫ్టు ఉంది అని ఏకరువు పెట్టాను. మామ అంతా విన్నాడు. ఎడమచెవితోనే విన్నాడు, కాబట్టి విన్నాడనే అనాలి.

"ఆడ డ్రమ్ము కొడితే కింద ఇంటోళ్ళు ఊరుకుంటారా?" అన్నాడు.

ఊరుకోరని చెప్పాను.

"ఈ పిలగాడు దినామూ ఆడికి వస్తాడా?"

రాడని చెప్పాను.

"మరి నేను ఆడికి వచ్చి ఏం వినేది?"

నాకు జవాబు తోచలేదు. అత్త వైపు చూశాను. ఆమె చీపురు పట్టుకొని, "ఆ బ్లేకీ అనే ఆయప్ప ముసిలితనంలో యాడుండె?" అని అడిగింది. చివరిదాకా కుర్రవాళ్ళను చేరదీసి వాయిస్తూనే ఉన్నాడనీ, ఆయన దగ్గర ఆరితేరి పేరు తెచ్చుకున్నవాళ్ళలో వేన్ షార్టర్, ఫ్రెడ్డీ హబ్బర్డ్, వింటన్ మార్సాలిస్ వంటివాళ్ళు ఉన్నారనీ చెప్పాను. "అట్లయితే ఇంకేముంది!" అని ఆమె తుడవడం మొదలుపెట్టింది. ఆ చీపురు చప్పుడుతో సభ ముగిసింది.

స్టేషనుకు మామ, పిల్లవాడు ఇద్దరూ వచ్చారు. దారిలో పాత గని ఇనుప గోపురం కనబడింది. తాడు లేదు, తొట్టి లేదు, పైన చక్రాలు తుప్పుపట్టి ఉన్నాయి. ఆ మెట్ట దగ్గర పిల్లవాడు ఒక రాయి తీసుకొని ఇనుప కమ్మిమీద టంగుమని కొట్టాడు. మామ నిలబడి, తల వంచి విన్నాడు. ఏమీ అనలేదు. పిల్లవాడు ఆయన ముఖంలోకి చూశాడు. మామ నవ్వాడు. ఇద్దరూ ముందుకు నడిచారు.

బండి కదిలాక మరదలికి ఏమి చెప్పాలా అని ఆలోచించాను. ఒప్పించడానికి పోయి ఒప్పుకొని వచ్చాను. నెలకొకసారి మనమే పోయి రావాలనీ, వైద్యుణ్ణి అక్కడే చూసి పెట్టాలనీ, ఆ దుమ్ముకు కిటికీలకు మంచి తెరలు కుట్టించాలనీ చెప్పాను. మొదట కోపం వచ్చింది. సంక్రాంతికి తాను పిల్లలను తీసుకొని పోతానని తరువాత అన్నది.

మన సంఘంలో పెద్దలను వెంట తెచ్చుకోవాలని చూసేవాళ్ళం చాలామందిమి ఉన్నాము. అది ప్రేమే, కాదనను. తీసుకొనిరావడానికి ముందు, వాళ్ళు అక్కడ రోజూ ఏమి వింటున్నారో ఒకసారి పక్కన కూర్చొని వినివస్తే మంచిదని మాత్రం నాకు తోచింది. వెళ్ళేవాళ్ళు డిసెంబరులో వెళ్ళండి. పితికిన పప్పు దొరుకుతుంది.